కాంతి కిరణములతో చిత్రరచన

కంటికి కనబడవలసిన దానిని చెవికి వినిపించుట రేడియోలో పనిచేయు మాబోంట్లకు నిత్యకృత్యము. నాటకములో "పెంకుటిల్లు, సాయంకాలము, కిటికీగుండ వసారాలో ఎండ పడుచున్నది" అని సూచించినచో చాలును. మిగిలిన బొమ్మను శ్రోతలు తమ మనస్సులోనే గీసికొందురు. నేటి ప్రసంగములో మేము పరిచయము చేయబోవు విద్యయు ఇట్టిదే. ఇందు కుంచె లేదు, రంగుల గిన్నెలు లేవు. ఇంటిని, కిటికీని, ఎండను మాటలలోను అంకెలలోను వర్ణించి చెప్పినచో కంప్యూటరు దానిని ఛాయాచిత్రమేమో యను భ్రమ కలుగునంత సహజముగా చిత్రించి ఇచ్చును. ఐతే ఒక్క భేదము కలదు. శ్రోతకు ఊహ కలదు, యంత్రమునకు లేదు. మనము చెప్పనిది ఏదియు దానికి తెలియదు. ఈ భేదమును గుర్తించిన వారికి ఈ విద్య సగము పట్టుపడినట్లే.

ఈ పద్ధతికి ఆంగ్లమున రే ట్రేసింగు అని పేరు. కిరణమును వెంబడించుట అని అర్థము. ఈ పని చేయు సాఫ్ట్‌వేరులు కొన్ని నేడు పైసా వ్యయము లేకుండ లభించుచున్నవి. దీనిని ఆరంభించుట ఎట్లు, ఆరంభమున దేనిపై దృష్టి నిలుపవలెను, ఇతరులు చేసిన ఇట్టి బొమ్మలు మన యెదుటికి వచ్చినప్పుడు ఏమి గమనింపవలెను అను మూడు విషయములను క్రమముగా మనవి చేసెదము.

ముందుగా ఇందలి మూలసూత్రమును తెలిసికొందము. మనము వస్తువును ఎట్లు చూచుచున్నాము? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. కంటినుండి తేజోరూపమైన కిరణములు వెలువడి వస్తువును తాకుటచేత చూపు కలుగుచున్నదని మన నైయాయికులు వాదించిరి. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడ చూపుకిరణములు కంటినుండియే బయలుదేరునట్లు భావించి తన దృక్శాస్త్రమును వ్రాసెను. 11వ శతాబ్దిలో అరబ్బీ భాషయందు దృక్శాస్త్ర గ్రంథమును రచించిన ఇబ్న్ అల్ హైథమ్ ఈ వాదమును ఖండించి, వెలుగే వస్తువునుండి కంటికి వచ్చుచున్నదని యుక్తియుక్తముగా ప్రతిపాదించెను. నేటి శాస్త్రము ఆయన పక్షమే.

ఐనను బొమ్మ గీయు కంప్యూటరు మాత్రము నైయాయికుల త్రోవను పట్టినది. అందులకు కారణము లెక్కలో పొదుపు. ఒక దీపమునుండి నలుదెసలకు వెడలు అసంఖ్యాక కిరణములలో మన కంటిని చేరునవి అత్యల్పము. అన్నిటిని లెక్కించుట వృథాశ్రమ. కాంతికి ఒక గుణము కలదు; అది వచ్చిన దారినే వెనుకకు మరలించినను దారి మారదు. కావున కంటిని చేరు కిరణములను మాత్రమే ఎంచుకొని, వాని వెంట కంటినుండి వెనుకకు నడచుచు పోయి, అవి ఏ వస్తువునుండి ఏ రంగును తెచ్చినవో విచారించుటయే రే ట్రేసింగు.

ఈ ఊహను కంప్యూటరు పుట్టుటకు నాలుగు శతాబ్దులకు పూర్వమే ఒక చిత్రకారుడు ఆచరణలో చూపెను. జర్మనీ దేశీయుడగు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1525లో ప్రకటించిన కొలతల గ్రంథములో ఒక చెక్కచెక్కుడు బొమ్మ కలదు. అందు గోడకు కొట్టిన మేకు కంటికి బదులు. ఆ మేకునుండి వచ్చు దారమును ఒక మనిషి పట్టుకొని బల్లపైనున్న వీణవంటి వాద్యమును ఒక్కొక్కచోట తాకించుచున్నాడు. నడుమ ఒక చట్రము నిలిపియున్నది. దారము ఆ చట్రములో ఎక్కడనుండి పోవుచున్నదో కొలిచి రెండవ మనిషి కాగితముపై చుక్క పెట్టుచున్నాడు. చుక్కలన్నియు చేరినప్పుడు వాద్యము రూపు కట్టును. ఆ మేకే నేటి కెమెరా. ఆ దారమే కిరణము. ఆ చట్రమే కంప్యూటరు తెర. దారమును పట్టుకొను ఓపిక మాత్రము మనిషినుండి యంత్రమునకు సంక్రమించినది.

తెరను చిన్న చిన్న గళ్ళుగా విభజించినట్లు భావింపుడు. అడ్డముగా 640, నిలువుగా 480 గళ్ళున్నచో మొత్తము 3,07,200. ఒక్కొక్క గడిగుండ ఒక్కొక్క కిరణమును యంత్రము లోనికి పంపును. ఆ కిరణము మొదట ఏ వస్తువునకు తగులునో గణితముచే కనుగొనును. తగిలినచోటినుండి దీపము వైపునకు మరియొక కిరణమును పంపును. నడుమ అడ్డమేదియు లేనిచో ఆ చోటు వెలుగులో నున్నది. అడ్డమున్నచో నీడలో నున్నది. వస్తువు అద్దమువలె నిగనిగలాడునదైనచో కిరణము పరావర్తనము చెంది మరియొక వస్తువును వెదకుకొని పోవును. గాజువంటి దైనచో వంగి లోపలికి దూరును. ఇట్లు తేలిన వెలుగులనన్నిటిని కూడి ఆ గడికి రంగు నిర్ణయించును.

కంప్యూటరుపై కిరణములను పంపి వెలుగునీడలను లెక్కించు ఉపాయమును 1968లో ఆర్థర్ ఆపెల్ అను ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. పరావర్తనమును, వక్రీభవనమును చేర్చి దానికి నేటి రూపమిచ్చినది బెల్ లాబొరేటరీస్‌లో పనిచేసిన టర్నర్ విటెడ్. 1980లో ఆయన ప్రకటించిన వ్యాసములోని చిత్రము సుప్రసిద్ధము. గళ్ళ నేలపై తేలుచున్న రెండు గోళములు, వానిలో ఒకటి అద్దమువంటిది, ఒకటి గాజువంటిది. నాటి యంత్రముపై ఆ ఒక్క బొమ్మకు గంటకు పైగా పట్టినది. 1986లో జేమ్స్ కజియ ఒక వస్తువుపై పడి చెదరిన వెలుగు మరియొక వస్తువును వెలిగించు తీరునంతటిని ఒక్క సమీకరణములో ఇమిడ్చెను. విటెడ్ చిత్రమువంటి దానిని నేటి ఇంటి కంప్యూటరు క్షణములలో పూర్తిచేయును. 2018 మొదలు ఈ కిరణగణితమునకే ప్రత్యేకముగా నిర్మింపబడిన గ్రాఫిక్స్ కార్డులు కూడ వెలువడినవి.

ఇక ఆరంభించుట ఎట్లు? మేము సూచించు సాఫ్ట్‌వేరు పేరు పోవ్‌రే. 1990వ దశకము ఆరంభమునుండి అనేక దేశములవారు స్వచ్ఛందముగా కలిసి పెంచిన వృక్షమిది. దీనికి వెల లేదు. 2002లో మార్క్ షటిల్‌వర్త్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు వెళ్ళినప్పుడు అచ్చట కూడ దీనితో ఒక బొమ్మను తయారుచేసిరి. ఇంతకంటె నవీనమైనది, బహుళ ప్రచారము పొందినది బ్లెండర్. అదియు ఉచితమే. అందు సైకిల్స్ అను పేర 2011లో చేర్చిన భాగము కిరణములను అనుసరించియే చిత్రించును. ఐతే బ్లెండరులో వందలకొలది మీటలు, పట్టికలు తెరపై ఒక్కసారిగా ఎదురగును. పోవ్‌రేలో ఖాళీ కాగితమువంటి తెర మాత్రమే ఉండును. అందు మనము వర్ణన టైపు చేయుదుము. ఏ మాటకు ఏ ఫలితము కలిగినదో స్పష్టముగా తెలియును గనుక మొదటి పాఠములకు ఇదే మేలని మా అభిప్రాయము. పిదప బ్లెండరునకు పోయినను ఇందు నేర్చినది వ్యర్థము కాదు.

పోవ్‌రేలో ప్రతి స్థానమును మూడు అంకెలతో చెప్పవలెను. మొదటిది కుడివైపునకు ఎంత, రెండవది పైకి ఎంత, మూడవది మననుండి దూరముగా ఎంత అని. ఎడమకు, క్రిందికి, మన వైపునకు ఐనచో ఋణసంఖ్య వాడవలెను. మొదటి బొమ్మకు నాలుగు వాక్యములు చాలును. కెమెరా ఎచ్చట నున్నది, ఎటు చూచుచున్నది అనునది మొదటిది: సున్న, 2, ఋణము 6 వద్ద నుంచి, సున్న, 1, సున్న వైపు చూడుమని చెప్పుడు. దీపము రెండవది: కుడివైపున, ఎత్తున, మన వైపునకు, అనగా 4, 6, ఋణము 4 వద్ద తెల్లని దీపము. నేల మూడవది: ఎత్తు సున్న గల సమతలము, దానికి నలుపు తెలుపు గళ్ళు. బంతి నాల్గవది: కేంద్రము సున్న, 1, సున్న, వ్యాసార్ధము 1, రంగు ఎరుపు. అంతే. ప్రోగ్రామును నడిపినంతనే నేలపై ఎర్రని బంతి, ఎడమవైపు వెనుకకు వాలిన నీడ ప్రత్యక్షమగును.

ఇందు తరచుగా వచ్చు చిక్కులను కూడ చెప్పవలెను. బొమ్మ అంతయు నల్లగా వచ్చినచో దీపము పెట్టుట మరచినారా, లేక కెమెరాయే ఏదేని వస్తువు లోపల చిక్కుకొన్నదా అని చూడుడు. ఒక్క వస్తువు మాత్రమే నల్లగా నున్నచో దానికి రంగు చెప్పలేదన్నమాట. తెరచిన ప్రతి కుండలీకరణమును మూయవలెను. ఒక్కటి తప్పినను యంత్రము ముందుకు సాగదు. మాటలను చిన్న అక్షరములలో, ఉన్నది ఉన్నట్లుగా టైపు చేయవలెను.

బంతి కనబడినంతనే మేడలు కట్టుటకు పూనుకొనవలదు. ఉత్సాహవంతులు మొదటి వారములోనే ఒక నగరమును నిర్మింపబూని, పని సాగక విరమించుట కలదు. ఆ బంతితోనే కొన్ని దినములు ఆడుకొనుడు. కేంద్రము ఎత్తు 1కి బదులు ఒకటిన్నర చేయుడు. బంతి గాలిలోనికి లేచును. లేచినదని మనకెట్లు తెలిసినది? నీడ బంతిని విడిచి ప్రక్కకు జరిగినది గనుక. నీడయే వస్తువును నేలపై కూర్చుండబెట్టుచున్నదని ఇంతకంటె తేటగా ఏ గ్రంథమును చెప్పజాలదు.

తరువాత బంతిని గాజుగా మార్చుడు. ఇచ్చట కావలసినది వక్రీభవన గుణకము. పాఠశాలలో ఈ సంఖ్యను పరీక్షకై కంఠస్థము చేసి మరచినవారు పలువురు. నీటికి 1.33, గాజునకు సుమారు 1.5, వజ్రమునకు 2.42. ఈ ఒక్క సంఖ్యను మార్చుచు పోయినచో అదే గోళము నీటిబొట్టుగా, గాజుగుండుగా, వజ్రముగా మారుట కన్నులార చూడవచ్చును. రంగులేని ఆ గోళమునకు పరావర్తనము ఈయక, గుణకమును 1 చేసినచో అది కంటికి కానరాక మాయమగును. పాఠ్యపుస్తకములోని అంకెకు ప్రాణము వచ్చిన క్షణమది. పిల్లలున్న ఇండ్లలో ఈ ప్రయోగమును తప్పక చేయింపుడు.

ఎదురెదురుగా అద్దములున్న క్షౌరశాలలో ప్రతిబింబమునకు అంతులేనట్లే ఇందును కిరణములకు అంతముండదు. కావున యంత్రమునకు ఒక హద్దు పెట్టియుంచిరి. పోవ్‌రేలో సహజముగా అది 5 మజిలీలు. గాజువస్తువులు ఎక్కువగా నున్న బొమ్మలో అచ్చటచ్చట నల్లని మచ్చలు కనబడినచో ఆ హద్దును పెంచవలెను.

బంతి తరువాత చెంబునకు పోవచ్చును. పోవ్‌రేలో లేత్ అను సాధనము కలదు. అది కుమ్మరి సారెవంటిది. చెంబు అంచును సగము మాత్రము చుక్కలతో సూచించినచో దానిని గుండ్రముగ త్రిప్పి పూర్తి పాత్రను చేసి ఇచ్చును. చెంబు ఆకారము ఎంత చక్కగా వచ్చినను అది ఇత్తడివలె కనబడుట లేదని ఆరంభకులు నిరుత్సాహపడుట సహజము. దోషము సాఫ్ట్‌వేరుది కాదు. ఇత్తడి ఎట్లుండునో మనము సరిగా చూచియుండలేదు.

ఇదియే మా ప్రసంగమునకు ఆయువుపట్టు. కంప్యూటరును కొంతసేపు కట్టివేసి ఇంటిలోని వస్తువులను చూడుడు. కిటికీ దగ్గర ఒక ఇత్తడి చెంబును, ఒక పింగాణీ జాడీని ప్రక్కప్రక్కన పెట్టుడు. రెండింటిపైనను కిటికీ ప్రతిబింబము మెరయుచుండును. చెంబుపై ఆ మెరుపు పసుపుపచ్చగా నుండును. గోధుమరంగు జాడీపై సైతము మెరుపు తెల్లగానే యుండును. లోహము తాను త్రిప్పి పంపు వెలుగునకు తన రంగును పూయును, పింగాణీ పూయదు. పోవ్‌రేలో దీనిని తెలుపుటకు మెటాలిక్ అను ఒక్క మాట చేర్చినచో చాలును. కాని ఆ భేదమును చూడనివాడు ఆ మాటను ఎందులకు చేర్చును?

ఎండలో గోడ ప్రక్కన నిలిచి చేయి చాపుడు. చేయి గోడకు దగ్గరగా నున్నప్పుడు నీడ అంచు కత్తితో కోసినట్లుండును. చేయి వెనుకకు తీసినకొలది అంచు మసకబారును. సూర్యుడు చుక్క కాదు, సుమారు అర డిగ్రీ వెడల్పు గల బింబము గనుక ఇట్లగుచున్నది. ఆరంభకుల బొమ్మలలో నీడలన్నియు కత్తితో కోసినట్లే ఉండుటకు కారణము వారు దీపమును చుక్కగా చెప్పుటయే. దానికి వెడల్పు కలిగించు ఏరియా లైట్ అను సాధనము కలదు. ఎర్ర గచ్చుపై ఎండపడిన గదిలో తెల్లని గోడ అడుగుభాగమును చూడుడు. ఎరుపు జీర కనబడును. ఇట్టి చెదరిన వెలుగును లెక్కించుటకు రేడియోసిటీ అను ఏర్పాటు కలదు. చెరువుగట్టున నిలిచి కాళ్ళదగ్గర చూచినచో నీటి అడుగు కనబడును; దూరముగా చూచినచో ఆకాశమే కనబడును. ఏటవాలుగా చూచినకొలది నీరు అద్దమగుచున్నదన్నమాట. గోడకు తెలుపు చెప్పునప్పుడు పూర్తి తెలుపు చెప్పవలదు. ఎంత తెల్లని సున్నపు గోడయైనను తనపై పడిన వెలుగునంతటిని తిరిగి ఈయదు. పదింట ఎనిమిది పాళ్ళు చాలును.

కాలవ్యయమును గూర్చి ఒక మాట. ఆరంభమున బొమ్మను చిన్నదిగా, 320కి 240 గళ్ళలో చేయించి చూచుకొనుడు. వెడల్పును, ఎత్తును నాలుగేసి రెట్లు పెంచినచో గళ్ళు 16 రెట్లగును. కాలమును దాదాపు అన్ని రెట్లు పట్టును. సైకిల్స్‌వంటి సాధనములు ఒక్కొక్క గడికి అనేక కిరణములను చెదరగొట్టి సగటు కట్టును. కిరణములు చాలనిచో బొమ్మపై ఇసుక చల్లినట్లుండును. ఆ గరుకును సగమునకు తగ్గించుటకు కిరణములను నాలుగు రెట్లు చేయవలెను. కావున దిద్దుబాట్లన్నియు చిన్న బొమ్మపైననే ముగించి, పెద్దదానిని రాత్రి భోజనానంతరము ఆరంభించి నిద్రింపుడు.

ఈ విద్యతో మాకేమి పని అని కొందరు శ్రోతలు తలపవచ్చును. ఇట్టి బొమ్మలు చేయనివారి జీవితములలోనికి కూడ అవి వచ్చుచున్నవి. ఇంకను పునాది పడని ఇండ్లకు, అపార్టుమెంట్లకు రంగురంగుల చిత్రములను ముద్రించి అమ్మకమునకు పెట్టుట నేడు సర్వసాధారణము. అందు సాయంకాలపు ఎండ పాలరాతి నేలపై పడుచుండును. కిటికీ అవతల పచ్చని చెట్లుండును. యావజ్జీవితము కూడబెట్టిన సొమ్ము ఒక్క బొమ్మను చూచి చేతులు మారు సందర్భమిది. ఆ బొమ్మలోని వెలుగు అబద్ధము కాదు. చెప్పిన గది, చెప్పిన కిటికీ, చెప్పిన సూర్యుడు ఉన్నచో ఎండ అట్లే పడును. కాని ఉత్తరపు కిటికీలోనికి సూర్యుని రప్పించుట ఒక్క అంకె పని. ప్రక్కనున్న ఐదంతస్తుల భవనమును వర్ణనలో చెప్పకున్నచో దాని నీడయు పడదు. కెమెరా చూపుకోణమును వెడల్పు చేసినచో పదడుగుల గది కల్యాణమండపమువలె కనబడును. మంచమును కొంచెము చిన్నదిగా చేసినచో గది పెద్దదగును.

ఒక్కసారి ఎర్రబంతిని నేలపై కూర్చుండబెట్టినవారు ఇట్టి బొమ్మను చూచునప్పుడు అడుగవలసిన ప్రశ్నలను తామే అడుగుదురు. ఈ ఎండ ఏ దిక్కునుండి వచ్చుచున్నది? ఆ దిక్కున కిటికీ నిజముగా కలదా? ప్రక్కస్థలములో ఏమున్నది? గది కొలత ఎన్ని అడుగులు? అట్టివారు బొమ్మను ప్రక్కకు నెట్టి, కొలతలుగల ప్లానును చూపుమందురు. పగటిపూట స్వయముగా పోయి స్థలమును చూతురు. కిరణము అబద్ధమాడదు, వర్ణన అబద్ధమాడవచ్చును. ఈ వివేకము కలుగుటకైనను ఇంటికొకరు ఈ విద్య రుచి చూచుట మంచిదని మా నమ్మకము.

చిత్రలేఖనము రానివారికి ఈ విద్య ఒక గొప్ప అవకాశము. చేయి వణకినను, గీత వంకరపోయినను చింత లేదు. కావలసినవి మూడు: ఉన్నదానిని ఉన్నట్లు చూచు కన్ను, చూచినదానిని కొలిచి చెప్పు మాట, ఫలితము వచ్చువరకు వేచియుండు ఓర్పు. మొదటి రెండును మనవి. లెక్కలు మాత్రమే యంత్రమునవి. ఈ ఆదివారము ఒక చెంబును కిటికీలో పెట్టి, దానిపై వెలుగు ఎట్లు పడుచున్నదో ఒక కాగితముపై పది వాక్యములలో వ్రాయుడు. ఆ పది వాక్యములు సరిగా కుదిరినచో మీ మొదటి బొమ్మ సగము పూర్తియైనట్లే.